జాల్యా కాలికి పెట్టిన కరెంటు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఏ మోసం జరిగినా మేం ఎవరో పైవాళ్ల మీదికి వేలు చూపేవాళ్లం. జాల్యాను ముంచింది మాత్రం సొంత అక్క కొడుకు. తండాలో అందరి ముందూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కురవి పక్క తండాలో పుట్టిన జాల్యా, భూపాలపల్లి బొగ్గుగనిలో నాతోపాటే పనిచేసేవాడు. మా పక్క క్వార్టరే. ఏ పెళ్లిలో డప్పు వినపడినా అతని కాళ్లు ఆగేవి కావు. బీడీ ఒక్కటే అతని రోగం. సకల జనుల సమ్మె నాటికి నాలుగడుగులు వేస్తే ఎడమ పిక్క పట్టేసేది, నిలబడితే తగ్గేది. రక్తనాళం పూడుకుపోతోందన్నారు.

మేనల్లుడు రాకేశ్ వరంగల్‌లో ఒక దవాఖాన పరిశోధన విభాగంలో కాంట్రాక్టు సహాయకుడు. అక్కడికి కొత్త యంత్రం వచ్చింది, దాని పరీక్షలకు మామను చేర్చాడు. పిక్క మీద గాజు మూతి ఉన్న గొట్టం ఆనించి ఎర్రటి వెలుగు పంపుతారు. తిరిగొచ్చిన వెలుగులో రంగుల తేడాను బట్టి కండకు రక్తం ఎంత అందుతోందో బొమ్మ గీసి చూపుతుంది. చూడటమే దాని పని. నయం చేయదు.

మా దగ్గర నడుం పట్టేసినా, మెడ పట్టేసినా దవాఖానకు పోయి కరెంటు పెట్టించుకుంటాం. జాల్యా ఇదీ అదే అనుకున్నాడు.

"అల్లుడా, కరెంటు మంచిగనే పెడుతున్నరా?"

"అవు మామా. ఇంకో నాలుగుసార్లు పెట్టిచ్చుకుంటె సాఫ్ అయితది."

సమ్మెలో గని బంద్, బస్సులూ బంద్. భార్య తారి సద్ది కట్టిస్తే జీపులు పట్టుకొని వరంగల్‌కు పోయేవాడు. పనీ నడకా లేక నొప్పి తగ్గింది. అదంతా కరెంటు మహిమేనని పిచ్చి మారాజు మాకే చెప్పేవాడు. "తెలంగాణ వచ్చేనాటికి ఉరుకుత సూడు" అనేవాడు. నేనూ నమ్మాను.

సమ్మె ముగిసేసరికి బొటనవేలు నల్లబడింది. వేరే దవాఖానకు తీసుకుపోతే మోకాలి కిందికి కాలు తీసేశారు.

తారీ నేనూ పోయి పరిశోధన డాక్టరమ్మను నిలదీశాం. ఆమెది వేరే రాష్ట్రం, తెలుగు రాదు. మొదటి పరీక్షలోనే రక్తం సరిగా పారడం లేదని తేలిందట. వెంటనే ఆపరేషన్‌కు పంపమని రాకేశ్‌కే చెప్పిందట. "మీవాళ్లు ఒప్పుకోలేదన్నాడే!" అంది హిందీలో. ఆపరేషన్ అయితే మామ పరిశోధనలో ఉండడు. మనుషులు తగ్గితే రాకేశ్ కొలువుకే ఎసరు. అదీ సంగతి. ఆమెనూ నేను వదలను. మనిషి కళ్ల ముందే పడుకొని ఉంటే, ఒక్క మాట అతన్నే అడిగించొద్దా?

ఆ తర్వాత జాల్యాను తండాకు చేర్చాం. రాకేశ్ అక్కడికి వచ్చాడు. తారి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. వాకిట్లోనే నిలబడి, "భయపడతవని చెప్పలే మామా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

జాల్యా మంచం దిగలేదు. మేనల్లుడి ముఖంలోకే చూశాడు.

"భయపడితె నా కాలుండేది గదరా."