స్కాట్లండు పాలేరు ఇంట్లో ఒక పూట

శనివారం ఉదయం ఎనిమిదింటికి కెనడాలో మేముండే ఓక్‌విల్‌లో బస్సెక్కాం, నేనూ, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే శ్రావణీ. కిచెనర్ అవతల ఒక పల్లెలో, విక్టోరియా రాణి నాటి స్కాట్లండు పాలేరు ఇంటిని ఉన్నదున్నట్టు కట్టి చూపిస్తున్నారని విన్నాను. పాత వస్తువులు చూడ్డానికి అంత దూరం ఎందుకన్నారు మావారు. మీకైతే అద్దం ముందు నిలబడితే ఇంట్లోనే కనిపిస్తాయని ఆయనకు చెప్పి బయల్దేరాను.

శ్రావణి ఊరికే రాలేదని బస్సు కదలగానే తెలిసింది. ఆమె స్నేహితురాలు మౌనికని నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నారు. ఇక్కడి కాలేజీలు ఇండియా నుంచి విడతలు విడతలుగా పిల్లల్ని దించుతున్న రోజులు. కప్పున్న చోటల్లా అప్పటికే అద్దెకు పోయింది.

"ఆంటీ, మా రూంల ఇంకో పరుపు పడ్తది. దానికి ఏడ దొర్కుతలేదు."

"ఇప్పటికే నలుగురున్నారు. ఇల్లనుకున్నారా, హాస్టలనుకున్నారా?"

ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పులిహోర డబ్బా తీస్తే మాత్రం వద్దనలేదు. అలక కడుపు దాకా పోలేదన్నమాట.

కిచెనర్ నుంచి ఆ పల్లెకి ట్యాక్సీయే గతి. పదకొండున్నరకి చేరాం. టికెట్లిచ్చే చోట టీ అమ్ముతారు. బోర్డు మీద టీ అని రాసుంది కాబట్టి నమ్మాలి.

రాతి గోడలు, మట్టి నేల, ఒకటే గది. అలవాటుకొద్దీ గడప బయట చెప్పులు విడిచాం. మా వెనకాల వచ్చిన తెల్లవాళ్ళ కుటుంబం అదే ఇక్కడి పద్ధతి కాబోలనుకుని బూట్లు విప్పి, చల్లటి నేల మీద మేజోళ్ళతో వణుకుతూ నిలబడింది. గైడ్ నవ్వాపుకుంది.

గోడ పొడవునా అలమారల్లాంటి పెట్టె మంచాలు. లోపల పడుకుని తలుపులు మూసుకునేవారట. మొగుడూ పెళ్ళాం, ఆరుగురు పిల్లలు. పొయ్యి మీద ఓట్స్ జావ కుండ. ఇంత ఇరుకులో మనుషులెలా బతుకుతారని గైడ్‌తో వాదనకు దిగాను. ఇంకా ఉందని చెప్పిందావిడ. స్కాట్లండులో వాళ్ళ వైపు పాలేరుకి పనీ ఇల్లూ దొరకాలంటే, పొలం పనికి ఒక ఆడమనిషిని కూడా తనే తేవాలట. కూతుళ్ళు ఎదగకపోతే బయటి పిల్లని కుదుర్చుకోవాలి. ఆ పిల్ల తిండీ పడకా ఈ గదిలోనే.

శ్రావణి మంచాలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది.

"ఆంటీ, ఎనిమిది మంది ఉండి గూడ పరాయి పిల్లను పెట్టుకున్నరంట."

"గతి లేక పెట్టుకున్నారు. ఇష్టపడి కాదు."

"పెట్టుకున్నరు గద."

గైడ్‌కి భాష రాకపోయినా తగవు అర్థమైనట్టుంది. మీ అమ్మాయా అని ఇంగ్లీషులో అడిగింది. కాదు, మా ఇంట్లో అద్దెకుంటుందన్నాను. అయితే ఈ ఇంటి ఇల్లాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదంది.

మూడింటికి తిరుగు బస్సు. శ్రావణి ఫోన్లో మౌనికకి ఏదో రాస్తూ, చెరిపేస్తూ కూర్చుంది. ఆ ఇల్లు తప్పక చూడండి. అందరూ కలిసిమెలిసి బతికారని గైడ్ చెబుతుంది, నమ్మకండి. ఆ ఇల్లాలు పొద్దస్తమానం సణిగే ఉంటుంది. సణుగుతూనే ఆ పరాయి పిల్లకీ ఒక గిన్నె జావ పోసి ఉంటుంది.

"బేస్‌మెంట్‌లో ఇంకో పరుపు వేయడానికి వీల్లేదు," అన్నాను.

సరేనన్నట్టు తలూపింది.

"పైన నా కుట్టుమిషను గదిలో వేసుకోమను. మిషను హాల్లోకి మీరే మొయ్యాలి."

వెంటనే ఫోన్ చెవికి పెట్టి, సామాను సదురుకోమని మౌనికకి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, నాకు వినిపించదనుకుని, "ఆంటీ మస్తు తిడ్తరే, గది మాత్రం వెచ్చగుంటది," అంది.