సైకిలుకు బిగించిన సైరను

మా అమ్మాయి సైకిలుకు సైరను బిగించినవాణ్ణి నేనే. ఈ మాట మొదటే రాస్తున్నాను. తర్వాత ఊళ్లోనూ, బంధువుల ఇళ్లలోనూ చాలామంది దాన్ని ఆ పిల్ల అల్లరిగా చెప్పుకున్నారు. అది అబద్ధం. బిగించిన రోజు, వేళ నా పుస్తకంలో నా చేతిరాతతోనే ఉన్నాయి.

నేను రాయచూరు దగ్గరి దేవసూగూరులో కృష్ణా నది నీటిమట్టం కొలిచి రాసే ఉద్యోగం చేసేవాణ్ణి. ఏటి ఒడ్డున గీతలు గీసిన కొలబద్ద ఉండేది. రోజుకు మూడుసార్లు దాన్ని చూసి పుస్తకంలో ఎక్కించాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. వాన ఎప్పుడు మొదలైంది, గేదె ఎప్పుడు ఈనింది, రాయచూరు బస్సు ఎంత ఆలస్యంగా వచ్చింది, అన్నీ రాసేవాణ్ణి. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు లేచాక అక్కడి సైరను మోగే వేళలు కూడా రాయడం మొదలుపెట్టాను. ఒకే ఎత్తున సాగిపోతే షిఫ్టు మారిందని అర్థం. లేస్తూ, పడుతూ, మళ్లీ లేస్తూ మోగితే ప్రమాదమని అర్థం. ఈ తేడాను ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీశాను.

మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. హైస్కూలు రెండు మైళ్ల దూరం. దారంతా విద్యుత్ కేంద్రం బొగ్గుబూడిద మోసే లారీలు తిరిగే రోడ్డు. వాటి మీద సరిగా గుడ్డ కప్పేవారు కాదు. ఒక లారీ పోతే దాని వెనక కొంతసేపు మన చెయ్యి మనకు కనిపించేది కాదు. చలికాలంలో ఏటి మీది పొగమంచు ఆ బూడిదతో కలిసేది. ఆ యేడు సైకిలుకు పాల క్యాన్లు కట్టుకొని పోతున్న ఒకాయన్ని ఆ మంచులోనే లారీ గుద్దింది. నేను కొలబద్ద దగ్గరకు పోతూ చూశాను. మనిషిని అప్పటికే తీసుకుపోయారు. సైకిలు మాత్రం రోడ్డు పక్కన పడి ఉంది. ముందుచక్రం మడతపెట్టిన విస్తరిలా ఉంది. పాలు బూడిదలో ఇంకిపోయి చుట్టూ నల్లగా మరక కట్టింది.

ఆ రాత్రే కూర్చొని, అమ్మాయి వెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ రాయడానికి పుస్తకంలో రెండు గడులు గీశాను. రెండో గడి ఖాళీగా ఉన్నంత సేపు నాకు అన్నం దిగేది కాదు.

"బడి మాన్పియ్యి. పాణం కన్నా సదువు ఎక్కువనా?" అంది నా భార్య.

"పరీక్షలకు నాలుగు నెలలే ఉన్నయి గదమ్మా. ఇప్పుడు మానితె మల్ల నన్నెవరు పంపుతరు?" అంది అమ్మాయి. అది నిజం. మా ఇళ్లలో మధ్యలో బడి మానిన ఆడపిల్ల మళ్లీ బడికి పోవడం నేను చూడలేదు.

రాయచూరులో నాకు తెలిసిన సైకిలు షాపాయన ఒక పాత సైరను చూపించాడు. గుప్పెడంత ఇనుప డబ్బా. దాన్ని ముందుచక్రం పక్కన బిగిస్తారు. గొలుసు లాగితే టైరుకు ఆనుకొని తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది. షాపు ముందే చక్రం తిప్పి మోగించాడు. ఎదురుగా చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టి లేచారు.

"ఇది కొడితె లారీ ఏంది సారూ, కలెక్టరు జీపు గూడ పక్కకు జరుగుతది" అన్నాడు.

"సైకిలుకు పెట్టనిస్తరా? చట్టం ఏమంటది?"

"సైకిలుకు నంబరుందా? లైసెన్సుందా? చలాను ఎవరి పేరు మీద రాస్తరు, హ్యాండిలు పేరు మీదనా?"

హాస్యం నాకు ఆధారం కాదు. రాయచూరులోనే తెలిసిన వకీలు ఇంటికి వెళ్లి, మోటారు వాహనాల నిబంధనల పుస్తకం అడిగి, వరండాలో కూర్చొని చదివాను. సైరను మోత అంబులెన్సుకు, అగ్నిమాపక బండికి, పోలీసులకు, అలాంటి పనుల మీద ఉన్న బండ్లకే అని ఉంది. కానీ ఆ మాటలన్నీ మోటారు బండ్ల గురించి. సైకిలు మోటారు బండి కాదు. సైకిలుకు గంట ఉండాలి, చీకట్లో దీపం ఉండాలి అని వేరే చోట కనిపించింది. సైరను ఉండకూడదని నేను చూసినంతలో ఎక్కడా కనిపించలేదు. అదంతా నకలు రాసుకొని, కింద "నిషేధం కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను. వకీలు నవ్వి, "అడగాల్సింది పుస్తకాన్ని ఒక్కదాన్నే కాదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. దాన్ని రాసుకోలేదు.

సైరను కొని తెచ్చి నా చేత్తోనే బిగించాను. మొదటి రోజు అది ఎలా పని చేస్తుందో చూడాలని నేను కూడా నా సైకిలు మీద అమ్మాయి వెనకే బయల్దేరాను. మంచు దట్టంగా ఉంది. పది గజాల దూరంలో అమ్మాయి జడ రిబ్బను కనిపిస్తోంది, అంతకు మించి ఏమీ కనిపించడం లేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా లారీ ఇంజను చప్పుడు వినిపించింది. అమ్మాయి గొలుసు లాగింది. చెయ్యి నొచ్చి వదిలింది. మళ్లీ లాగింది. సైరను లేచింది, పడింది, మళ్లీ లేచింది.

ఆ మలుపు కింద పల్లంలో కూలి చేసుకొనే వాళ్ల ఇళ్లు ఓ పాతిక ఉన్నాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో గ్యాసు లీకై జనం చచ్చిపోయారన్న కబురు వచ్చినప్పటి నుంచి వాళ్లకు కంటి మీద కునుకు లేదు. ప్రమాద సైరను మోగితే తడిగుడ్డ ముఖానికి కట్టుకొని, పల్లంలో ఉండకుండా రోడ్డు మీదికి ఎక్కండి, బండ్లు వస్తాయి అని ఎవరో వచ్చి చెప్పి పోయారు. ప్రతి ఇంట్లో నీళ్ల కుండ మీద ఒక గుడ్డ ఎప్పుడూ తడిగా ఉండేది.

మొదట కుక్కలు అరిచాయి. తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత మంచులోంచి ముఖాలు లేని మనుషులు గట్టు ఎక్కి వచ్చారు. కళ్ల కింద నుంచి తడిగుడ్డలు, చంకలో పిల్లలు. ఒకామె చేతిలో పిండి అంటిన రొట్టె అట్లాగే ఉంది. అందరూ రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డారు, తమను ఎక్కించుకొని పోయే బండి కోసం. మలుపు అవతల వస్తున్నది బూడిద లారీ.

నా గొంతు లేవలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అమ్మాయి సైకిలును రోడ్డుకు అడ్డంగా పడేసి, చేతులు చాపి లారీకి ఎదురుగా పరిగెత్తింది.

"అది నా సైకిలు! గ్యాసు గాదు! దిగిపోండ్రి, రోడ్డు దిగుండ్రి!"

బ్రేకుల కీచు విన్నాను. తర్వాత ఏమీ వినిపించలేదు. మంచులో రెండు దీపాలు కదలకుండా నిలిచిపోయాయి. దగ్గరికి పోయి చూస్తే అమ్మాయికి, లారీకి మధ్య మూరెడు దూరం ఉంది. ప్రాణాలు ఎవరివీ పోలేదు. ఒక అవ్వ గట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది.

ఆ మధ్యాహ్నం నన్నూ అమ్మాయినీ ఠాణాకు పిలిపించారు. హెడ్డు కానిస్టేబులు ఆ సైరనును బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏన్రీ ఇదు? ఏందిది? ఆడపిల్ల సైకిలుకు ఫైరింజను కట్టిన్రా?"

నేను పుస్తకం తీసి నకలు చూపించాను. "ఏ సెక్షను కింద తప్పో రాసి ఇవ్వండి. గుడ్డ కప్పకుండా బూడిద మోసే లారీలకు ఏ సెక్షనో అది కూడా రాసి ఇవ్వండి."

"పెద్దాయనా, మీ బుక్కుల సైకిలు లేదు, ఒప్పుకుంట. మందిని బెదిరిచ్చి లారీ కిందికి తోలినోళ్లకు వేరే బుక్కుంది. తియ్యమంటరా?"

నా పుస్తకం వెనక్కి లాక్కున్నాను. కోపంతో అనుకున్నాను. కాదు. ఆయన ఆ పుస్తకం తీస్తే అందులో మా అమ్మాయి పేరు ఎక్కుతుంది.

అప్పుడే ఆ అవ్వను ఆమె కొడుకు సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకొని వచ్చాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది. వస్తూనే నన్ను గుర్తుపట్టింది.

"నీళ్లు రాసే అయ్యవు గదా నువ్వు? నీకు తెల్వదా ఆ కూత? పడుకుంట లేసుకుంట కూస్తె గ్యాసని ఊర్ల పిల్లగానికి గూడ తెలుసు. అన్నీ రాస్తవట, ఇది రాసుకోలేదా?"

రాసుకున్నాను. పేజీలు వెనక్కి తిప్పాను. ఎర్ర సిరా, కింద గీత, అన్నీ ఉన్నాయి. చట్టం వెతకడానికి రాయచూరు దాకా పోయినవాణ్ణి, నా చేతిరాత ఒక్కటి తిరగేయలేదు. పుస్తకాన్ని అట్లాగే తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా ఎర్ర గీత చూసి తల ఊపింది.

"కేసు గిట్ల రాస్తున్నవా ఏంది అయ్యా?" అంది హెడ్డుతో. "లారీకి అడ్డం ఉరికింది గా పిల్లనే. దాని మీద రాస్తె నేను గీడనే కూసుంట, లేవ. ఎట్లాగూ లేవరాదు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కేసు రాయలేదు. సైరనును మళ్లీ బిగించనని నా చేత కాగితం రాయించుకున్నాడు. అందులో చట్ట విరుద్ధమన్న మాట పెట్టమంటే నేను పెట్టలేదు. "జనం మేలు కోరి" అని రాశాను. సైకిళ్లకు ఏది తగునో, ఏది తగదో స్పష్టంగా ఒక్క వాక్యం రాయమనీ, లారీలకు గుడ్డలు కప్పించమనీ పైవాళ్లకు మూడు అర్జీలు పెట్టాను. నకళ్లు ఉన్నాయి. జవాబులు లేవు.

ఠాణా మెట్లు దిగుతుంటే నా భార్య మాటే నిజమైందనుకున్నాను. ఇక బడి మాన్పించడమే దారి. అవ్వ క్యారియరు మీద నుంచి మా అమ్మాయిని పిలిచింది.

"రోడ్డు మీద ఎందుకు పోతవు బిడ్డా? మా వాకిండ్లల్లకెల్లి పో. గేదెల్ని జర జరిపి కట్టుకుంటం. మలుపంత తప్పుతది."

మర్నాడు అమ్మాయి సైకిలు గంట ఒక్కదానితోనే బయల్దేరింది. మలుపు ముందు గట్టు దిగి, పాతిక వాకిళ్ల గుండా సైకిలు నడిపించుకొని పోయి అవతల రోడ్డెక్కింది. సాయంత్రం నేను ఇంటి గేటు దగ్గర నిలబడి ఉండగా తలంతా బూడిదతో వచ్చింది, టిఫిను డబ్బాలో ఎవరో పెట్టిన జొన్నరొట్టె ఉంది.

"ఏంది నాయినా, పొద్దటి సంది గేటు కాడనే ఉన్నవా?"

మధ్యలో మూడుసార్లు ఏటికి పోయి వచ్చానని చెప్పాను. మలుపు ఒక్కటే తప్పింది, అవతల ఇంకా మైలు రోడ్డుంది. పరీక్షలు ముగిసేదాకా ప్రతి ఉదయం గేటు దగ్గర నిలబడి ఆ గంట వినిపించినంత సేపు విన్నాను. పుస్తకంలో ఆమె వెళ్లిన వేళ పక్కన ఇంకో గడి గీసి, గంట వినిపించడం ఆగిన వేళ కూడా రాశాను.