ఉప్పు తగ్గించాలి, ఉప్పు తగ్గింది

ఇస్త్రీ మామకు అరికాలి మంట నెత్తికెక్కింది. గుండె నీరసించింది, ఉప్పు తగ్గించాలి అని డాక్టరమ్మ చెప్పి ఏడాది దాటింది. ఆనాటి నుంచి భార్య ఉప్పు డబ్బా పక్కింట్లో దాచింది. ఆ చప్పిడి కూడును అతను మందులా మింగుతూ వచ్చాడు. ఇప్పుడు ల్యాబులో రక్తపరీక్ష కాగితం చేతికిచ్చిన కుర్రవాడు, "ఒంట్లో ఉప్పు బాగా తగ్గిపోయింది, మామా" అన్నాడు.

నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసేసరికి తల ఎందుకు తిరుగుతోందో, మాట ఎందుకు తడబడుతోందో అతనికి అర్థమైపోయింది. తిన్నగా ఇంటికొచ్చి కాగితం కంచం పక్కన విసిరికొట్టాడు.

"ఉప్పూ కారం తిననిస్తే కదా మనిషికి రోషం మిగిలేది. చప్పిడి పెట్టి చంపుతున్నావు నన్ను."

అతని బావమరిది తగుదునమ్మా అని, ఆ రోషం మా అక్క డబ్బాలో పెట్టి మూతేసింది బావా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. పక్కింటికి వెళ్ళి డబ్బా తెచ్చి భర్త ముందు పెట్టింది.

నాలుగు రోజులు కసిగా తిన్నాడు. ఉప్పుకు దాహం, ఇస్త్రీపెట్టె వేడికి దాహం. పొద్దుగూకేలోగా కూజా రెండుసార్లు ఖాళీ చేశాడు. ఐదో రోజుకు పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడలేదు. ఆమే బండి పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది.

రోజుకి నీళ్ళెన్ని తాగుతాడని డాక్టరమ్మ అడిగింది. ఇస్త్రీ వేడికి ఎప్పుడూ అయిదు లీటర్లకు తక్కువ ఉండదని భార్య చెప్పింది. డాక్టరమ్మ ముఖం మాడిపోయింది.

"ఆ కాగితంలో ఉప్పు తగ్గింది తిండిలో ఉప్పు చాలక కాదయ్యా, నీళ్ళు ఎక్కువై. కూరలో చెంబెడు నీళ్ళు పోస్తే ఉప్పు ఎక్కడికి పోతుంది? పలచబడుతుంది, అంతే. గుండె తోడలేక నీరంతా ఒంట్లోనే నిలిచిపోయింది. గుండె జబ్బులో ఈ ఉప్పు అంకె పడిపోయిందంటే ప్రమాదం ముదిరిందని. అలాంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వస్తారు. కొందరు ఇంటికి పోరు."

"నీళ్ళ సంగతి ఏడాదిలో ఒక్కసారైనా చెప్పారా, అమ్మా?" అన్నాడు రొప్పుతూ.

డాక్టరమ్మ పాత చీటీలు తిరగేసింది. ఎక్కడా లేదు. చెప్పాననుకున్నానంది గొంతు తగ్గించి. అతనికి ఒళ్ళు మండిపోయింది, కానీ అరవడానికి ఊపిరి లేదు.

నీరు తీసేసరికి వారం పట్టింది. బతికాడు. ఇక రోజుకు లీటరున్నర నీళ్ళే, కూడు మునుపటిలాగే చప్పిడి. ఇల్లు చేరాక భార్య నీళ్ళు కొలిచి సీసాలో పోసి బల్ల మీద ఠక్కున పెట్టి వెనుదిరిగింది. ఇంకా కోపమా అని నసిగాడు.

"చంపుతున్నావన్నావు. నీళ్ళు కొలిచి పోస్తాను, మందు టైముకిస్తాను. ఆ మాట మాత్రం మర్చిపొమ్మనకు."

అతనికి నోరు పిడచకట్టుకుపోయింది. సీసాలోంచి ఒక్క గుక్క తాగి, మూత బిగించి, ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.