గడియారంలో ఓర్ట్విన్

మా ఊరి టౌన్‌హాలు గడియారంలో చెక్కతో చేసిన రొట్టెలాయన బొమ్మ ఒకటి ఉంటుంది. రోజూ పదకొండింటికి చిన్న తలుపు తోసుకుని బయటికొచ్చి, మూడుసార్లు వంగి, లోపలికెళ్ళిపోతుంది. అది చూడ్డానికే జనం బస్సుల్లో దిగుతారు. ఆ బొమ్మకి కీ ఇచ్చేది ఓర్ట్విన్. డెబ్బై ఏళ్ళు, కుండలాంటి బొజ్జ, భుజమ్మీద నూనెగుడ్డ. కీ ఇచ్చి తొంభై మెట్లు దడదడా దిగొచ్చి, బొమ్మని చూడకుండా, నోళ్ళు తెరిచిన జనం మొహాలు దొంగచాటుగా చూస్తాడు.

మొన్న శనివారం లోపల పళ్ళచక్రం విరిగింది. "ఇంకొక్కసారి ఆగిందంటే మోటారు పెట్టించేస్తా, నువ్వింట్లో కూర్చో" అని మేయరమ్మ డీట్లిండ్ ముందే చెప్పేసింది. కింద రెండు బస్సుల జనం, మధ్యలో ఆవిడ. పదకొండు కొట్టింది. తలుపు తెరుచుకుంది. చెక్కాయన తెల్ల టోపీ పెట్టుకుని ఓర్ట్వినే బయటికొచ్చాడు, బొజ్జ దాకా. అక్కడ ఇరుక్కున్నాడు. "మీ బొమ్మ ఈమధ్య బాగా తింటున్నట్టుందే!" అని ప్రెట్జెల్ రొట్టెలమ్మే బండి వాల్‌ట్రౌట్ కిందనుంచి అరిచింది. బొమ్మ బిగుసుకుని వంగింది. ఒకటే ఈలలు, చప్పట్లు.

ఎలాగో విడిపించుకుని దిగొచ్చేసరికి మేయరమ్మ చేతులు కట్టుకుని నిలబడుంది.

"బొమ్మ వంగేది మూడుసార్లే కదయ్యా. నాలుగోది ఎందుకు?"

ఓర్ట్విన్ టోపీ తీసి నలిపాడు. "పైనుంచి అందరి మొహాలూ ఒకేసారి కనపడ్డాయమ్మా. ఆగలేకపోయా."

"చక్రం ఎప్పటికి బాగవుద్ది?"

"సాయంత్రానికల్లా చేసేస్తా."

"తొందరేం లేదులే," అంది ఆవిడ. "రేపు మూడు బస్సులొస్తున్నాయి."