చల్లలో ఉప్పు లెక్కకు రాలేదు

మేం బాపు అని పిలిచే మా నాన్నకు పక్షవాతం ఎట్లా వచ్చిందో మా వాళ్లందరూ అందరికీ చెప్పారు. మేనత్తలు చెప్పారు, వాళ్ల వియ్యంకులు చెప్పారు, ఆ రోజు మొఘల్‌పురాలోనే లేనివాళ్లు కూడా కళ్లారా చూసినట్టు చెప్పారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. బాపు చెయ్యి వాలిపోయినప్పుడు ఆయనకు అందరికంటే దగ్గరగా నిలబడి ఉన్నది నేను. పెళ్లిళ్లలోనో దినాల్లోనో నేను నోరు తెరవబోతే ఎవరో ఒకరు "పోనియ్ రా, అయిపోయిన ముచ్చట" అని నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసేవారు. అయిపోయిన ముచ్చటైతే వాళ్లెందుకు చెప్పుకుంటున్నారు? నోటితో చెప్పనివ్వలేదు కనుక కాగితం మీద పెడుతున్నాను.

మాది పాడి ఇల్లు. వెనక బర్రెల కొట్టం, ముందు వీధి అరుగు మీద దుకాణం. పొద్దున పాలు, పెరుగు. ఎండ ఎక్కినాక చల్ల. మజ్జిగను మేం చల్ల అంటాం. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర దంచి, దొడ్డుప్పు నూరి కలిపేవాడు బాపు. ప్రతి కుండా కలిపినాక అరచేతిలో పోసుకుని తాగి చూడనిదే గిరాకీ గ్లాసులో పోసేవాడు కాదు. "నా నోటికి నచ్చనిది మంది నోట్ల ఎట్ల పోస్త?" అనేవాడు. ఎదురింట్లో జరీ పని చేసే పెద్దాయన ఉండేవాడు. మాకు ఆయన చాచా. మధ్యాహ్నం సూది పక్కన పెట్టి అరుగు మీదికి వచ్చి, బాపుతో పాటు తానూ రుచి చూసి, "భాయ్, ఇంకో చిటికెడు" అనేవాడు. బర్రెల పని, గిరాకీల పని అన్న చూసుకునేవాడు. నేను నయాపూల్ అవతల ఒక కచేరీలో నకళ్లు రాసేవాణ్ణి. ఇంట్లో నన్ను మున్షీ సాబ్ అని పిలిచేవారు. అందులో గౌరవం ఎంత ఉండేదో నాకు తెలుసు.

పంతొమ్మిది వందల ముప్పైలు అయిపోవస్తున్న రోజుల్లో ఒకసారి బాపు ఉస్మాన్‌గంజ్‌లో బర్రెలకు పల్లిచెక్క కొని, బస్తా భుజానికెత్తబోయి కూర్చుండిపోయాడు. ముక్కు వెంట రక్తం ధార కట్టింది. అక్కడివాళ్లు నెత్తిన నీళ్లు పోసి టాంగాలో పంపించారు. మా అమ్మను మేం అవ్వ అంటాం. ఆమె చూసి ఏమీ కంగారు పడలేదు. "వేడి జేసింది. ఇంత చల్ల తాగు, పంటవు" అన్నది. తాగాడు, పడుకున్నాడు.

అప్పటి నుంచి మెడ నరాలు గుంజుతున్నాయనేవాడు, కళ్ల ముందు చీకట్లనేవాడు. అన్నింటికీ మా ఇంట్లో మందు ఒక్కటే. చిక్కటి చల్లలో కాస్త ఎక్కువ ఉప్పు. ఎండన పడి వచ్చినవాడికి, బర్రెలు తోలి అలసినవాడికి అది పనిచేసింది కనుక బాపుకూ పనిచేస్తుందని అందరి నమ్మకం. ఆయన ముఖం ఎర్రబడితే అవ్వ మురిసిపోయేది కూడా. "మా ఇంటాయనకు నెత్తురు మస్తు" అని వీధిలో చెప్పుకునేది. చాచా ఒకసారి బాపును తీసుకుపోయి హకీం దగ్గర జలగలు పట్టించాడు. బాపు కొన్నాళ్లు తల తేలికగా ఉందన్నాడు, మళ్లీ మామూలే.

చివరికి నేనే పోరి అఫ్జల్‌గంజ్ వైపున్న ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మా ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడని పరికరం అది. చెక్కపెట్టెలో నిలువు గాజుగొట్టం, అందులో పాదరసం. జబ్బకు గుడ్డపట్టీ చుట్టి రబ్బరు ఉండ నొక్కుతుంటే బాపు నవ్వాడు.

"బర్రెకు తలుగు కట్టినట్టు కట్టినవ్ సాబ్. పాలిస్తననుకున్నవా ఏంది?"

డాక్టర్ నవ్వలేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ చూశాడు. పట్టీ విప్పి నన్ను పక్కకు పిలిచాడు. "ఖూన్ కా దబావ్. రక్తం ఒత్తిడి మస్తు పెరిగింది" అన్నాడు. రక్తం ఎక్కువుందా అని అడిగాను. కాదన్నాడు. నీళ్లు మోసే భిస్తీ తోలుసంచి చూశావు కదా అన్నాడు. అందులో నీళ్లు ఎక్కువ కానక్కర్లేదు, మూతి బిగించి పిండితే చాలు, ఏదో ఒకరోజు కుట్టు ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తెగుతుంది. తలలో తెగితే చెయ్యీ కాలూ పోతాయి. ఎందుకు వస్తుందని అడిగితే రెండు చేతులూ విప్పి చూపాడు. కొందరికి వంశంలో ఉంటుంది, కొందరికి మూత్రపిండాలు చెడి వస్తుంది, చాలామందికి ఎందుకొస్తుందో మాకే తెలియదన్నాడు. దించే మందు ఏదని అడిగాను. నిద్రకు పొడి ఇస్తానన్నాడు. "ఉప్పు మానాలె. మూటలు మొయ్యొద్దు. చుట్ట తాగొద్దు. కోపానికి రావద్దు. గింతే నా చేతిల ఉన్నది."

టాంగాలో బాపుకు అన్నీ చెప్పాను. చార్మినార్ దాటినాక అన్నాడు: "ఉప్పొద్దు, చుట్టొద్దు, మూటొద్దు, కోపమొద్దు. మరి బతుకుడు దేనికి బిడ్డా?"

ఒక మాట ఒప్పుకోవాలి. మా వాళ్లు ఏమీ చేయలేదని నేననను. అవ్వ బాపుకు వేరే గురిగిలో ఉప్పు లేని కూర వండింది. వండుతూ ఏడ్చేది. ఉప్పులేని కూడు పిండం కూడు లెక్క అనేది. బాపు రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసేవాడు. "గడ్డి నమిలినట్టున్నది. ఇంత చల్ల పొయ్యి." అవ్వ లేచి దుకాణం కుండలోంచి చెంబు నిండా ముంచి తెచ్చేది. కూరలో తీసేసిన ఉప్పంతా ఆ చెంబులో ఉంది. పైగా ఆకలి తీరలేదు కనుక ఇంకో చెంబు.

నేను మొదటిరోజే చెప్పాను. "అవ్వా, దాంట్ల ఉప్పున్నది కదనే."

"చల్లల ఉప్పు ఉప్పారా? కడుపు చల్లగ జేస్తది."

అన్న చెయ్యి కడుక్కుంటూ అందుకున్నాడు. "డాక్టర్ తిండిల వద్దన్నడు. చల్ల తిండా? చల్ల నీళ్లు. నీళ్లు తాగొద్దన్నడా?"

"అన్నా, ఉప్పు ఏడున్నా ఉప్పే."

"మున్షీ సాబ్ రాత పని ఇడిసి హకీం పని పట్టిండు" అన్నాడు. అవ్వ నవ్వింది, వదిన నవ్వింది, బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పాడి ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. మా ఇంట్లో చల్లకు లెక్క లేదు. ఎవరొచ్చినా పోస్తాం, ఎన్నిసార్లయినా తాగుతాం. ఒకపొద్దు ఉన్నరోజు కూడా చల్ల తాగితే ఒకపొద్దు తప్పినట్టు కాదు. తిన్నదంటే పళ్లెంలో పెట్టి తిన్నదే. అందుకే బాపు ఉప్పు మానేశాడని అవ్వ గుండెమీద చెయ్యేసుకుని చెప్పింది. ఆమె అబద్ధం ఆడలేదు. అదే నన్ను చంపింది. అబద్ధమైతే పట్టుకుని నిలదీసేవాణ్ణి.

మళ్లీ డాక్టర్ దగ్గరికి పోయి, ఒక్కసారి ఇంటికి వచ్చి ఈ మాట మా అన్నతో మీరే చెప్పండని బతిమాలాను. బయట రోగులు వరుసగా కూర్చున్నారు. "చల్లల ఉంటే మాత్రం ఉప్పు కాకుంట పోతదా? పో, చెప్పు" అన్నాడు. చెప్పాను. "గా మాట డాక్టర్ అన్నడా, నువ్వు కలిపినవా?" అన్నాడు అన్న. బాపుకు వేరే కుండలో ఉప్పు లేని చల్ల పెడదామన్నాను. దానికి బాపే ఒప్పుకోలేదు. "నేను తాగనిది మందికి అమ్మాల్నా? రుచి చూడకుంట పోస్తే అది మోసం రా." ఇంటిపెద్ద మోసం అన్న తర్వాత ఇంకేం మిగిలింది? తాడు ఒక కొస నేను గుంజుతున్నాను, రెండో కొస రోగే గుంజుతున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. ఆ ఏడు రంజాన్ వానాకాలంలో వచ్చింది, కానీ వాన మొఖం చాటేసి ఉక్కపోత మిగిలింది. ఉపవాసం విడిచే వేళకు మా చల్ల కోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. మామూలు రోజుల్లో బాపు ఒకసారి చూస్తే, ఉప్పు సరిచేసినాక రెండోసారి చాచా చూసేవాడు. రోజాలో ఉన్నవాడు నాలిక మీద ఎట్లా వేస్తాడు? అందుకని ఆ నెలంతా రెండోసారి కూడా బాపే చూశాడు. రోజా ఉండి పొద్దంతా గొంతు తడపనివాళ్లకు తేడా రాకూడదని ఒకటికి రెండుసార్లు తాగి చూసేవాడు.

ఆ సాయంత్రం నేను కచేరీ నుంచి వచ్చేసరికి అరుగు ముందు జనం. బాపు ముఖం రాగి చెంబులా ఉంది. ఎడం చేత్తో మెడ వెనక పట్టుకుని, కుడిచేతిలో చల్ల పోయించుకుంటున్నాడు.

"బాపూ, ఇగ చాలు. లోపటికి పోయి ఒరుగు" అన్నాను.

"జరుగు బిడ్డా, టైమైతుంది."

"అన్నా, నువ్వు చూడరాదు? నీకు నాలిక లేదా?"

"గిరాకీల ముంగట ఏందిరా నీ లొల్లి?" అన్నాడు అన్న. "నీ తీర్పులు కచేరీల చెప్పుకో."

చాచా మధ్యలోకి వచ్చాడు. "జానే దో బేటా, పిల్లగాడు ఫికర్‌తోని అంటుండు." అన్న వినలేదు, ఇంకేదో అన్నాడు. నేను నూరిన ఉప్పు ఉన్న గిన్నె తీసి వెనక్కు పెట్టుకున్నాను. అరిచాను, అవును. ఆయన్ను మీరంతా కలిసి చంపుతున్నారని అరిచాను. ఏడాదికి పైగా మెల్లగా చెప్పిన మాట అది. మెల్లగా చెబితే నవ్వారు.

బాపు లేచి నిలబడ్డాడు. "గిన్నె ఇటియ్" అన్నాడు. ఇంకోసారి అనబోయాడు, మాట మెత్తబడి జారింది. కుడిచెయ్యి నా వైపు చాచినది చాచినట్టే కిందికి వాలింది. మూతి ఒక పక్కకు పోయింది. పడబోతుంటే చాచా పట్టుకుని తన ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఉపవాసం విడిచే వేళ చెప్పే తోపు ఫిరంగి పేలింది. చాచా గుక్కెడు నీళ్లు కూడా అడగకుండా బాపు తల పట్టుకుని అట్లాగే ఉన్నాడు.

డాక్టర్ వచ్చి పాదరసం చూసి పెట్టె మూశాడు. ఏమైందని అడిగాడు. అన్న ముందు అందుకున్నాడు: "వీడు లొల్లి జేసిండు సాబ్. బాపుకు కోపమొచ్చింది, లేశిండు, పడ్డడు."

"కోపానికి రావద్దని చెప్పిన కదా" అన్నాడు డాక్టర్.

అంతే. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో తీర్పు రాసేశారు. "సాబ్, ఉప్పు గురించి..." అన్నాను. అది ఇప్పుడు మాట్లాడే సంగతి కాదని చెయ్యి అడ్డం పెట్టాడు. ఎప్పుడు మాట్లాడే సంగతో ఎవరూ చెప్పలేదు.

బాపు మళ్లీ మాట్లాడలేదు. కొన్ని నెలలు మంచంలో ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు దగ్గర కూర్చుని, "బాపూ, నా మీద కోపం వచ్చే పడ్డవా?" అని అడిగాను. ఎడంచెయ్యి మెల్లగా ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు. చెప్పలేనని అన్నాడా, ఉప్పు అన్నాడా, ఊరుకో అన్నాడా, ఆ చేతిని ఎంత చూసినా నాకు తెలియలేదు. అప్పుడే అవ్వ లోపలికి వచ్చింది. "బాపుకు దూపైతుంది రా, అట్ల చూస్తవేంది?" అని చెంబులోంచి చెంచాతో పోసింది. ఏది పోసిందో చెప్పాల్నా? అప్పటికి నేను అడ్డుపడటం మానేశాను. నేను గొంతెత్తితే ఇంకో రక్తనాళం తెగుతుందని అందరూ నా నోటినే చూస్తున్నారు. ఎండాకాలం రాకముందే బాపు పోయాడు.

ఇప్పుడు నా జబ్బకూ ఆ పట్టీ చుడుతున్నారు. మా అన్నకు నాకంటే ముందే చుట్టారు. మమ్మల్ని చూసే కొత్త డాక్టర్‌ను నేను వదలకుండా అడిగాను, కోపంతో మనిషి పడిపోతాడా అని. ఓపికగానే చెప్పాడు. కోపం ఒత్తిడిని ఆ కాసేపు పైకి తోస్తుంది, నిజమే. కానీ మంచి రక్తనాళం ఒక్క కోపానికి పగలదు. నొప్పీ గిప్పీ ఏమీ లేకుండా ఏళ్ల తరబడి ఒత్తిడి దాన్ని లోపల్నుంచి తినేసి ఉండాలి. అందులో వంశం వాటా ఉంటుంది, ఉప్పు వాటా ఉంటుంది, చుట్ట వాటా ఉంటుంది. మరి మా బాపును పడగొట్టింది ఏదని అడిగితే, అది ఎవరూ విడదీసి చెప్పలేరన్నాడు.

డాక్టర్ చెప్పలేడు, సరే. చాచా లేడు, అవ్వ లేదు. మిగిలింది మా అన్న. ఆయన ఇప్పుడు పూటకు ఇంతని లెక్కపెట్టి తింటాడు. వదిన ఆయనకు విడిగా ఉప్పు వెయ్యని చల్ల పెడుతుంది. ఆ సంగతి నాకు వదిన చెప్పింది, ఆయన చెప్పలేదు. మొన్న తన మనవడి పుట్టువెంట్రుకల నాడు కూడా నా ఎదురుగా కూర్చుని, కొత్త వియ్యంకుడితో "మా తమ్ముని లొల్లికే బాపు పోయిండు" అన్నాడు.

అన్నా, నీకు చదువుకునే ఓపిక లేకపోతే ఎవరితోనైనా చదివించుకుని విను. నీ డాక్టర్ నిన్ను చల్లలో ఉప్పు మానమన్న రోజు, నేను ఆ మాట ముందే అన్నానని నీకు గుర్తొచ్చిందా రాలేదా? వస్తే, వచ్చిందని ఆ వియ్యంకుడి ముందే చెప్పు. రాకపోతే నా ఇంటికి వచ్చి నా ముఖం చూసి రాలేదని చెప్పు. విస్తట్లో అన్నం వేయించి నన్ను ఊరుకోబెట్టకు. నేను అడుగుతున్నది అవునా కాదా అనే ఒక్క మాట. ఆ మాట ఇప్పుడు నువ్వు చెప్పాలి.