వేపపువ్వు వేయని ఉగాది

విశ్వవిద్యాలయ ఆవరణలోని ఆ అమ్మాయిల హాస్టల్లో ఇరవై రెండేళ్ళుగా ఉగాది పచ్చడి చేసేది వంటమనిషి ఈరమ్మే. తార్నాకలో కొత్త కుండ కొని, ఎవరికీ ఇవ్వకుండా తానే మోసుకొస్తుంది. చింతపండు పులుసులో బెల్లం కరిగించి, మామిడికాయ తురిమి, పుట్నాలూ కొబ్బరీ కలిపి, గ్లాసుల్లో పోసుకొని తాగేంత పలుచగా చేస్తుంది. అంతవరకూ అందరూ మెచ్చుకునేదే. తగువంతా వేపపువ్వు దగ్గరే.

"ఏందమ్మా ఇది, పచ్చడా, కషాయమా?" అన్నాడు మెస్ చూసే నరహరి, పళ్ళెం నిండా ఉన్న పువ్వును చూసి. "పోయినేడు సగం సింకులనే పోసిన్రు. పిల్లలు నా మీదికొస్తున్నరు."

"తాగనీయి సారూ. చేదు నోట్లకు పోతె ఇంట్లకు రాదు."

"ఆరేండ్లసంది గిదే మాట!" అని విసుక్కుంటూ అతడు బెంచీలు సర్దించడానికి వెళ్ళాడు.

ఆరేళ్ళన్నది నిజమే. అంతకు ముందు ఆమె చిటికెడే వేసేది. పిల్లలు ఆ కాస్త పువ్వునూ గ్లాసు అంచుకు తోసి పారబోస్తుంటే మనసు నొచ్చుకొని, ఒక ఉగాదికి అసలే మానేసింది. ఆ ఏడు అందరూ రెండేసి గ్లాసులు తాగారు. పచ్చ చున్నీ వేసుకున్న సింధూజ అనే ఎమ్మెస్సీ పిల్ల ఒక్కతే గ్లాసులోకి తొంగి చూసి, "ఈరమ్మక్కా, పువ్వెయ్యలేదా?" అని అడిగింది.

"ఏసిన బిడ్డా, మెత్తగ నూరిన," అంది ఈరమ్మ.

వానాకాలంలో ఆ పిల్ల జ్వరంతో పోయింది.

పువ్వు వేయకపోవడం వల్లే పోయిందని ఈరమ్మ తన మీద వేసుకున్న అభియోగం, సాక్ష్యం తూచి చూస్తే నిలవదు. ఆ కుండలోది తాగినవారు నూట ఎనభై మంది, పోయింది ఒక్కరు. ఆ వానలకు పక్కనున్న వారాసిగూడలో ఉగాది చేయని ఇళ్ళలోనూ జ్వరాలు వచ్చాయి. ఈరమ్మ తెలివితక్కువ మనిషి కాదు. ఇవన్నీ ఆమెకూ తెలుసు. అయినా ఏటా వరుసలోని చివరి పిల్లకు పోశాక గరిటె కింద పెట్టలేకపోతుంది. ఇంకా ఎవరో నిలబడి ఉంటారు. పచ్చ చున్నీ, ముందుకు వంగిన తల. ఈరమ్మ కళ్ళెత్తి చూడదు.

ఈసారి పచ్చడి కలుపుతుండగా జ్యోతిర్మయి వంటింట్లోకి వచ్చింది. అప్పట్లో సింధూజ గదిలోనే ఉండేది. పీహెచ్‌డీ ముగించి, ఇప్పుడు హాస్టల్ ఖాళీ చేస్తోంది.

"అక్కా, నాకు ఒక్క గ్లాసు చేదు తక్కువేసి తీసిపెట్టరాదూ? పోయేముందన్న మనసార తాగుత."

ఆ 'పోయేముందు' ఈరమ్మను కుదిపేసింది. ఎవరికీ చెప్పనిది బయటపడింది.

"ఆ యేడు నేను పువ్వు ఎయ్యలే బిడ్డా. ఆ పిల్ల అడిగితె అబద్ధం చెప్పిన. చేదు తాగకపాయె. గందుకే..."

జ్యోతిర్మయి స్టూలు లాక్కొని కూర్చుంది. "అది తాగింది అక్కా."

"ఏంది?"

"నువ్వు ఎయ్యలేదని దానికి అప్పుడే తెలిసింది. వెనక యాపచెట్టుకాడికి ఉరికి, ఇంత పువ్వు దూసుకొచ్చి గ్లాసుల నలుపుకున్నది. నాకు సుత ముక్కు మూసి తాగిచ్చింది. 'అక్కకు అబద్ధం చెప్పనీకె గూడ రాదే' అని ఒకటే నవ్వుడు."

నేరం లేదని తేలినవారి ముఖంలో వచ్చే తేట ఈరమ్మ ముఖంలో రాలేదు. పళ్ళెంలోని పువ్వును చూస్తూ అడిగింది.

"మరి తాగితె ఎందుకు పాయె?"

ప్లేట్‌లెట్లు పడిపోయాయని చెప్పబోయి జ్యోతిర్మయి ఆగింది. ఈరమ్మ అడిగింది అది కాదు.

"ఈరమ్మా, లైను గేటు దాక వచ్చింది!" బయటి నుంచి నరహరి కేక వేశాడు.

ఈరమ్మ పిడికెడు పువ్వు తీసి కుండ మీదికి చేయి చాచింది. ఎన్ని పిడికిళ్ళు వేయాలో ఈ ఉదయం దాకా ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక్క రేకు వేసినా, పళ్ళెమంతా కుమ్మరించినా ఆ పిల్ల పోవడం ఆగేది కాదు. గుమ్మం అవతల స్టీలు గ్లాసులు మోగుతున్నాయి. వరుస చివర నుంచి ఒక గ్లాసు చప్పుడు వేరుగా వినిపించినట్టయి, ఈరమ్మ పిడికిలి విప్పకుండా అలాగే నిలబడిపోయింది.