కత్తికి మెరుగు పెట్టిన ఆదివారం

మనిషి మొదటిసారి రాయిని రాయికేసి రుద్దిన నాడు నాగరికత మొదలైందంటారు. అది పరాకాష్ఠ అందుకున్నది మాత్రం మా వంటింటి గట్టు మీద. ఆదివారం వస్తే చాలు, కంటబడ్డ లోహాన్నల్లా గరుకు కాగితంతో రుద్దడం నా అలవాటు. తలుపు గడియలు, తాళంకప్పలు, గరిటెలు, ఒకసారి పొరపాటున పక్కింటివాళ్ల గేటు కూడా. వారమంతా ఆఫీసులో కవర్లు అతికించేవాడు తనలో శిల్పి ఉన్నాడని ఎక్కడో ఒకచోట నిరూపించుకోవాలి కదా.

ఆ రోజు మా బావమరిది వచ్చాడు. వంటవాడు. కొన్ని నెలలుగా ఖాళీ. మర్నాడు పొద్దున ఒక హోటల్లో పెద్ద వంటవాడి ఎదుట కూరగాయలు తరిగి చూపించాలి. చెయ్యి నచ్చితే ఉద్యోగం. తీరా చూసుకుంటే కత్తికి తుప్పు.

"బావా, చిన్న గరుకు కాగితం ముక్కుంటే ఇద్దూ."

రాజవైద్యుడి దగ్గరికొచ్చి కాస్త దూది ఉందా అని అడిగినట్టనిపించింది. కత్తి లాక్కున్నాను.

చెక్క మీద పడుకోబెట్టి, ముతక కాగితంతో పిడి నుంచి మొన దాకా ఒకే వైపు రుద్దాను. తుప్పు దిగింది. తర్వాత సన్న కాగితం తడిపి, మొదటి గీతలకు అడ్డంగా. ఆ గీతలు చెరపడానికి ఇంకా సన్నది.

"తుప్పు పోయిందిగా, ఇచ్చెయ్యండి వాడికి," అంది మా ఆవిడ.

"తుప్పు పోయింది. గీతలు పోలేదు."

"గీతలుంటే వంకాయ తెగనంటుందా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం నా స్థాయికి తగదు. పైగా నాకు తట్టలేదు.

పాత ప్యాంటు గుడ్డకి పాలిష్ ముద్ద పూసి తోముతుంటే భోజనం చల్లారింది, బావమరిది కునికిపాట్లు పడ్డాడు. సాయంత్రానికి కత్తి అద్దమైంది. అందులో నా ముఖం స్పష్టంగా కనిపించింది, ముక్కు మీద మసితో సహా.

వాడు లేచి, టమాటా మీద పెట్టి లాగాడు. టమాటా నలిగింది. తెగలేదు.

"బావా! పదును కూడా రుద్దేశావా?"

"మెరుపు అంచు దాకా రావద్దూ?"

"సర్లే, సాన మీద నాలుగు లాగులు లాగుతా."

"సానా?" చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. "ఒరేయ్, గీతలు పడతాయిరా!"

వాడు నన్ను చూశాడు. తర్వాత వాళ్లక్కను చూశాడు.

"అక్కా, ఈయన ఎప్పట్నుంచీ ఇలా?"

"పెళ్లినాటి నుంచీనూ. అప్పట్లో గరిటెలతో సరిపెట్టుకునేవారు."

ఆమె గట్టు మీదున్న తన కత్తి తీసిచ్చింది. నల్లటిది, పిడి పగిలి తీగ చుట్టినది. వాడు బొటనవేలితో అంచు తడిమి, "చాలక్కా ఇది. ఆ అద్దం బావ దగ్గరే ఉండనీ," అని చెప్పులేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఆ తీగచుట్టు కత్తి చూసి పెద్ద వంటవాడు ఏమన్నాడురా?" ఆశగానే అడిగాను.

"కత్తిని చూళ్లేదు బావా. ఉల్లిపాయల్ని చూశాడు."

వాడికి ఉద్యోగం వచ్చింది. మా ఆవిడ కత్తి వాడి దగ్గరే ఉండిపోయింది. నేను మెరుగు పెట్టిన దానితో ఇంట్లో రొట్టెకి వెన్న రాస్తున్నాం.